కాశీకి వెళ్లి దారి మొత్తం రాసుకొచ్చిన వీరాస్వామయ్య గారు

పోయిన ఆదివారం కాశీ వీడియోలో ఏనుగుల వీరాస్వామయ్య గారి పేరు చెప్పాం, గుర్తుందా? వీడియోలో ఆయనకి దక్కింది ఒక్క నిమిషం. నిజానికి ఆయన యాత్రే 15 నెలల పైన. అందుకే ఈసారి బ్లాగ్ మొత్తం ఆయనకే.

ముందు చిన్న పక్కదారి. నేను ఉండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. నాతో పాటు రోజూ మెట్రోలో వచ్చే కొలీగ్ ఒకతను ఎల్బీనగర్‌లో ఎక్కుతాడు. క్రిస్టియన్. ఈమధ్య వాళ్ల అమ్మానాన్నలతో కలిసి గ్రీస్ వెళ్లొచ్చాడు, తీర్థయాత్రకి. దాదాపు 2000 ఏళ్ల క్రితం సెయింట్ పాల్ నడిచిన దారిలో టూర్ అన్నమాట. ఆయన పడవ దిగిన రేవు ఇప్పటి కవాలా. అక్కణ్ణించి ఫిలిప్పీ శిథిలాలు, థెస్సలొనీకి, వెరియా, ఏథెన్స్‌లో ఆయన మాట్లాడాడని చెప్పే అరియోపగస్ బండ, చివరికి కొరింత్. మధ్యలో డెల్ఫీ కూడా చూపించారట. అది వాళ్ల మతానికి సంబంధించింది కాదు, అంతకుముందు గ్రీకులు కొలిచిన అపోలో దేవుడి క్షేత్రం. భూమికి బొడ్డు అక్కడే ఉందని పాతకాలం గ్రీకుల నమ్మకం. అక్కడ దేవుణ్ణి ప్రశ్న అడగాలంటే ముందు పెలానోస్ అని ఒక రుసుము కట్టాలి. మొదట్లో అది నైవేద్యంగా పెట్టే ఒక రకం రొట్టె, తర్వాత్తర్వాత డబ్బు అయిపోయింది. అంటే స్పెషల్ దర్శనం టికెట్ అక్కడా ఉండేదన్నమాట అని ఇద్దరం నవ్వుకున్నాం.

చైతన్యపురి నుంచి మలక్‌పేట వచ్చేలోపు అతను ఒక ప్రశ్న వేశాడు. మీలో కూడా అలా మజిలీ మజిలీ పట్టుకుని వెళ్లగలిగే పాత యాత్ర ఏదైనా ఉందా అని. రాముడి వనవాసం దారి ఉంది, శంకరాచార్యుల వారి దారి ఉంది. కానీ సంసారం, ఉద్యోగం ఉన్న మామూలు తెలుగు మనిషి ఒకాయన తేదీలతో సహా రాసిపెట్టిన దారి కావాలంటే నాకు తెలిసి ముందు చెప్పాల్సిన పేరు వీరాస్వామయ్య గారిదే.

ఆయన 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు, ఇప్పటి చెన్నై. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండో ఏటికే ఇంగ్లీషు నేర్చుకుని బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో జీతం లేని వాలంటీరుగా చేరారు. మన భాషలో అన్‌పెయిడ్ ఇంటర్న్! తర్వాత తిరునల్వేలి వైపు కలెక్టరు ఆఫీసులో దుబాసీ పని. దుబాసీ అంటే రెండు భాషల మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పేవాడు. అలా ఎదిగి ఎదిగి చివరికి చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, సంస్కృతం అన్నీ వచ్చు.

ఈ ఉద్యోగం సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి. సాక్షి ఏదో చెప్తాడు, జడ్జికి ఆ భాష రాదు. మధ్యలో ఉన్నవాడు ఒక్క మాట అటూ ఇటూ చేస్తే ఒకడి పొలం పోతుంది, ఇంకొకడి ప్రాణమే పోవచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే అక్కడ జీతం. ఆయన యాత్రని అంత ఖచ్చితంగా ఎలా రాశారా అని నాకు మొదట ఆశ్చర్యం వేసింది. ఆయన చేసే పని తెలిశాక ఆ ఆశ్చర్యం పోయింది.

1830 మే 18, మంగళవారం రాత్రి ఆయన యాత్రకి బయల్దేరారు. అప్పటికి వయసు 50. కుటుంబం, బంధువులు, పల్లకీలు మోసే బోయీలు, వంటవాళ్లు, డేరాలు, సామాన్లు, అన్నీ కలిపి దాదాపు 100 మంది. రైలు లేదు, మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు 1853లో కదా వచ్చింది. టెలిగ్రాఫ్ లేదు. చాలా నదుల మీద వంతెన లేదు. వానాకాలం వస్తే నది ఎప్పుడు దాటనిస్తే అప్పుడే దాటాలి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెతని మనం ఇప్పుడు జోక్‌లా వాడుతున్నాం, ఆ రోజుల్లో అది మామూలు లెక్క. వెళ్లేవాళ్లు అప్పులు తీర్చి, ఆస్తులు అప్పజెప్పి, అందరి దగ్గరా సెలవు తీసుకునే వెళ్లేవారు.

ఒక్కడే సన్యాసిలా వెళ్లడం వేరు, 100 మందిని వెంటేసుకుని వెళ్లడం వేరు. ప్రతి సాయంత్రం 100 మందికి నీళ్లు కావాలి, బియ్యం కావాలి, పడుకోవడానికి చెట్టు నీడో సత్రమో కావాలి. జ్వరం వచ్చినవాణ్ణి వదిలేసి పోలేరు కదా. అందుకే ఆయన పుస్తకం తెరిస్తే దేవుడి కంటే ముందు బావి కనిపిస్తుంది! ఈ ఊళ్లో అంగళ్లు ఉన్నాయా లేవా, నీళ్లు మంచివేనా, దిగడానికి చోటు ఉందా, దారి ఇసుకా, రాయా, అడవా, వచ్చే మజిలీ ఎంత దూరం. ఒక రాజ్యంలో చెల్లే నాణెం పక్క రాజ్యంలో చెల్లదు, కాబట్టి ఎక్కడ ఏ రూపాయి నడుస్తుందో కూడా రాసుకున్నారు. తూకాలు, కొలతలు, సుంకాలు అన్నీ ఉంటాయి. కోసు అనే దూరం కూడా అన్ని చోట్లా ఒకటే కాదు, ప్రాంతాన్ని బట్టి మారేది. ఇవన్నీ ఉత్తరాల్లా రాసి చెన్నపట్నంలో ఉన్న తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి పంపేవారు.

భక్తి పుస్తకం అనుకుని తెరిచినవాళ్లకి మొదట్లో బోర్ కొట్టొచ్చు. నాకూ మొదటి 20 పేజీలు గూగుల్ మ్యాప్స్ రివ్యూలు చదివినట్టే అనిపించింది. కాస్త ఆగి ఆలోచిస్తే విషయం వేరు. తర్వాత రాబోయే ముక్కూమొహం తెలియని యాత్రికుడు దాహంతో పడిపోకూడదని ఒకాయన ప్రతి బావినీ రాసుకుంటూ పోయారు. దారిలో చలివేంద్రం పెడితే పుణ్యం అంటాం కదా. ఈ పుస్తకం చెన్నపట్నం నుంచి కాశీ దాకా ఉన్న చలివేంద్రం లాంటిది.

దారిలో మొదటి పెద్ద క్షేత్రం తిరుపతి. ఆ రోజుల్లో తిరుమల గుడి అజమాయిషీ ఎవరిదో తెలుసా? ఈస్టిండియా కంపెనీది. 1801 నుంచి 1843 వరకు గుడి పెత్తనం వాళ్ల చేతుల్లో ఉంది. ఆ తర్వాతే హథీరాంజీ మఠానికి అప్పగించారు. స్వామికి చేసే సేవల సొమ్ములో మిగులు కంపెనీ ఖజానాకి వెళ్లేది. వీరాస్వామయ్య గారు అలాంటి లెక్కల్ని దండం పెట్టేసి వదిలిపెట్టే మనిషి కాదు. అక్కణ్ణించి కడప, అహోబిలం మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం చేరారు. అప్పుడు ఆ ప్రాంతం కందనూరు నవాబుది, అంటే కర్నూలు నవాబు. యాత్రికుల దగ్గర పన్ను తీసుకుంటున్నారు, గుడిని మాత్రం పట్టించుకోవడం లేదు అన్నది ఆయన బాధ. మనం ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో తెల్లారుజామున కారెక్కితే మధ్యాహ్నానికల్లా మల్లన్న దర్శనం అయిపోతుంది. ఆయనకి అది అడవి, కొండ, దొంగల భయం.

తర్వాత కృష్ణ దాటి వనపర్తి, జడచర్ల, షంషాబాదు మీదుగా మన ఊరికి వచ్చారు. మా ఎల్బీనగర్ మీదుగానే వచ్చారని చెప్పాలని నాకు చాలా కోరిక. కానీ ఆయన దక్షిణం నుంచి వచ్చారు, మనవైపు కాదు. అయినా ఆ రోజుల్లో ఇటువైపు ఏముందో ఒకసారి ఊహించుకోండి. సరూర్‌నగర్ చెరువు ఉంది, అది 1600లలో తవ్వించింది. మూసారాంబాగ్ పేరుకి కారణమైన ఫ్రెంచ్ సేనాని రేమండ్ 1798లో చనిపోయాడు, గుట్ట మీద అతని సమాధి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ షాపులు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఏవీ లేవు. ఎల్బీనగర్ చౌరస్తాకి ఎవరి పేరు పెట్టారో ఆ లాల్ బహదూర్ శాస్త్రి గారు పుట్టడానికి ఇంకా 70 ఏళ్ల పైన ఉంది.

1830లో హైదరాబాద్ గద్దె మీద ఉన్నది నాసిరుద్దౌలా, ఏడాది క్రితమే నవాబు అయ్యాడు. పెత్తనం నడిపేది చందూలాల్. వీరాస్వామయ్య గారికి ఇక్కడ బాగా కొట్టొచ్చినట్టు కనిపించిన సంగతి ఆయుధాలు. వీధిలో ఎవరిని చూసినా కత్తో కటారో. కోర్టు, చట్టం మధ్య పెరిగిన మనిషికి అది ఎంత వింతగా, భయంగా ఉండి ఉంటుందో. బేగంబజారు వ్యాపారం, మూసీ, ఇంగ్లీషు దండు ఉన్న సికింద్రాబాదు, అన్నీ ఆయన కళ్లబడ్డాయి. చాదర్‌ఘాట్ వంతెన పూర్తయింది 1831లో, అంటే ఆయన ఇంకా యాత్రలో ఉండగానే. మలక్‌పేట దాటాక మన మెట్రో మూసీ మీదుగా వెళ్తుంది కదా, ఆ రెండు నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి కిందికి చూడండి. ఆ చుట్టుపక్కల బతుకు ఎలా ఉండేదో తెలుగులో, అదీ మాట్లాడే తెలుగులో రాసిన తొలి మనుషుల్లో ఆయన ఒకరు.

సికింద్రాబాదు నుంచి మేడ్చల్, రామాయంపేట, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ మీదుగా నాగపూరు. వింటుంటే తెలిసిపోతోంది కదా? దాదాపు మన 44వ నంబర్ జాతీయ రహదారే. మనం గంటల్లో కొట్టేసే దూరం, ఆయనకి వానల్లో బురదలో వారాలు. నాగపూరు దాటాక జబల్‌పూరు వైపు అడవులు. ఆ దారులు థగ్గులకి పేరుపడ్డవి. యాత్రికుల్లా కలిసిపోయి, నమ్మించి, రుమాలుతో గొంతు బిగించి చంపే ముఠాలు. ఇంగ్లీషు అధికారి స్లీమన్ వాళ్లని పట్టుకునే పని జోరుగా మొదలుపెట్టింది సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ జబల్‌పూరు ప్రాంతంలోనే. మన వాళ్లు 100 మంది గుంపుగా వెళ్లడంలో అర్థం ఇక్కడ తెలుస్తుంది.

ఆ తర్వాత మీర్జాపూరు దగ్గర వింధ్యవాసిని అమ్మవారు, ప్రయాగ, అక్కణ్ణించి కాశీ. గయ కూడా వెళ్లి పితృకార్యం చేశారు. గంగ మీద పడవల్లో కొంత ప్రయాణం, కలకత్తా, మళ్లీ రోడ్డు పట్టి పూరీ జగన్నాథుడు, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం తిరిగి చేరారు.

కాశీ గురించి వీడియోలో చాలా చెప్పుకున్నాం కాబట్టి ఇక్కడ ఘాట్ల వర్ణనలోకి వెళ్లను. నాకు ముఖ్యం అనిపించింది డబ్బు సంగతి. ప్రయాగలో సంగమ స్నానానికి, గయలో పిండప్రదానానికి, పూరీలో దర్శనానికి కంపెనీ సర్కారు యాత్రికుల పన్ను వసూలు చేసేది. పూరీలో అది 1806లో మొదలైంది. 1840 దాకా నడిచింది. అంటే వీరాస్వామయ్య గారు వెళ్లినప్పుడు పన్ను కట్టందే ముందుకు పోయే వీల్లేదు. గంగలో మునగాలన్నా టికెట్టే. పైన పండాలు, గంగాపుత్రులు అడిగే దక్షిణలు వేరు. ఇంట్లో గిన్నెలు అమ్ముకుని నడిచొచ్చిన ముసలమ్మ ఏం చేయాలి? డెల్ఫీ రొట్టె కథకి మెట్రోలో నవ్వాను కానీ ఇక్కడికొచ్చేసరికి నవ్వు రాలేదు.

ఈ పాయింట్ దగ్గర మన వ్యూయర్స్‌లో కొందరితో నాకు తేడా వస్తుంది. గుడి లెక్కలు, టికెట్ రేట్లు, క్షేత్రంలో సౌకర్యాల గురించి మాట్లాడితే భక్తి తక్కువైనట్టు, పెద్దలు అలాంటివి పట్టించుకోకుండా వెళ్లేవాళ్లు అని చాలామంది నమ్ముతారు. వీరాస్వామయ్య గారు త్రికాలంలో సంధ్య వార్చే మార్గం మనిషి. శ్రాద్ధాలు, స్నానాలు, దానాలు శాస్త్రం ప్రకారం చేశారు. అదే చేత్తో ఎక్కడ ఎవరు ఎంత తీసుకుంటున్నారో రాశారు. రెండూ ఒకే మనిషి, ఒకే రోజు, ఒక్కోసారి ఒకే పేజీలో. యాత్రికుడి డబ్బు ఎక్కడికి పోతోందని అడిగినంత మాత్రాన ఆయన మొక్కు చెడలేదు. నా మటుకు నాకు అది చాలా ధైర్యం ఇచ్చిన విషయం.

అలాగని ఆయన్ని ఇప్పటి మనిషిలా చూపించడం కూడా నాకు ఇష్టం లేదు. ఇంగ్లీషు వాళ్ల పాలన మీద ఆయనకి గౌరవం ఎక్కువ. వాళ్ల కోర్టులోనే ఉద్యోగం, దారి పొడుగునా వాళ్ల ఉత్తరాల అండ. చదువుతుంటే కొన్ని చోట్ల ఇంత మెచ్చుకోవాలా అనిపిస్తుంది. కులాల గురించి, ఆచారాల గురించి ఆయన మాటలు ఆ కాలం బ్రాహ్మణ గృహస్థు మాటలే. పల్లకీలో కూర్చున్న ఆయన పేరు మనకి తెలుసు, దాన్ని మోసిన బోయీల పేర్లు ఎంతమందికి తెలుసు? కాశీకి నడిచింది వాళ్ల కాళ్లు. అయితే ఊరికే ఒప్పేసుకునే రకం కూడా కాదాయన. మధ్యమధ్యలో ప్రయాణం ఆపి, దేవుడు ఈ లోకాన్ని ఇలా ఎందుకు నడుపుతున్నాడు, కర్మ ఎంత, మన ప్రయత్నం ఎంత అని పేజీలకి పేజీలు తనలో తాను వాదించుకుంటారు. కాళ్లు నొప్పెడుతున్నప్పుడు వచ్చే వేదాంతం కాబట్టి ఏసీ హాల్లో వినేదానికంటే నాకు అదే ఎక్కువ నచ్చింది.

భాష గురించి రెండు మాటలు. అప్పట్లో తెలుగులో రాయడం అంటే పద్యమే. వచనం రాసినా గ్రాంథికంగా రాయాలి. ఆయన మాత్రం చెన్నపట్నంలో మాట్లాడుకునే తెలుగులో, తమిళం, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలు కలిపేసి రాసుకుంటూ పోయారు. మనం ఈ బ్లాగ్‌లో చేస్తున్న పనే! స్కూల్లో మా తెలుగు సార్ చూస్తే ఎర్ర ఇంకుతో సగం కొట్టేసేవారు.

తిరిగొచ్చాక ఆయన మళ్లీ తన ఉద్యోగంలో పడ్డారు. ఇంకో అయిదేళ్లే బతికారు, 1836లో కాలం చేశారు. తన యాత్ర అచ్చు పుస్తకంగా రావడం ఆయన చూడలేదు. ఆ ఉత్తరాలు అందుకున్న శ్రీనివాసపిళ్లె గారు వాటిని దాచి, స్నేహితుడు పోయిన రెండేళ్లకి, 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చు వేయించారు. తెలుగులో అచ్చయిన తొలి యాత్రాగ్రంథం అదే అంటారు. 1941లో బెజవాడ వకీలు దిగవల్లి వేంకట శివరావు గారు బోలెడన్ని వివరణలతో మళ్లీ తెచ్చారు. మీరు చదవాలనుకుంటే అది వెతకండి. పాత నాణేలు, ఊళ్ల పాత పేర్లు అర్థం కావాలంటే ఆ వివరణలు కావాల్సిందే.

మా అమ్మ మూడేళ్లుగా కాశీ అంటోంది. ఫ్లైట్ ఎక్కితే పూట ప్రయాణం అని నేను, దారిలో ఊళ్లు చూడకుండా అదేం యాత్ర అని ఆవిడ. ఈ పుస్తకంలో నిర్మల్ దారి చదివి వినిపించాక ఆవిడ పట్టు ఇంకా పెరిగింది. కాబట్టి డిసెంబరు సెలవుల్లో కారులో మేడ్చల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆయన మజిలీలు ఒక్కొక్కటీ ఆగుతూ వెళ్తున్నాం, కెమెరా వెనక సీట్లో ఉంటుంది. రామాయంపేట, కామారెడ్డి, నిర్మల్ వైపు మన వ్యూయర్స్ ఎవరైనా ఉంటే మీ ఊళ్లో పాత సత్రాలు, మెట్ల బావులు ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయేమో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పెట్టండి. హర హర మహాదేవ.